మీరూ రండి

గోపీకృష్ణకి ఉన్న రోగమేమిటో కనిపెట్టడానికి ఝాన్సీలక్ష్మికి పెళ్ళయ్యాక వారం రోజులు కూడా పట్టలేదు. మనిషి ఎక్కడికి బయల్దేరినా ఎదురైన ప్రతివాళ్ళతోనూ "మీరూ రండి" అంటాడు. హోటలుకి వెళ్తూ అంటాడు, చెప్పుల షాపుకి వెళ్తూ అంటాడు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్తూ పక్కింటాయనతో కూడా అన్నాడు. వాళ్ళ నల్గొండలో ఇది రోగం కాదు, మర్యాద. ఎందుకంటే అక్కడ అవతలివాళ్ళకీ ఆ మర్యాదలో తమ వంతు ఏమిటో తెలుసు. "అయ్యో, మీరు వెళ్ళి రండి, మాకు కొంచెం పనుంది" అంటారు. పిలిచినవాళ్ళ పెద్దరికం పిలిచినవాళ్ళకి దక్కుతుంది, ఎవరి దారిన వాళ్ళు పోతారు.

కెనడాలో మిస్సిసాగాకి వచ్చాక ఆ రెండో సగం పనిచేయడం మానేసింది. ఇక్కడ ఎవరికీ పని లేదని కాదు, ఊపిరాడనంత పని ఉంది. వెళ్ళే చోటే లేదు. కారు లేనివాళ్ళు, కారున్నా నడపడం రానివాళ్ళు, అన్నీ ఉన్నా తోడు లేనివాళ్ళు. ఎవరైనా "మీరూ రండి" అంటే చాలు, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడతారు.

ఆ బుధవారం సాయంత్రం చెత్తడబ్బా రోడ్డు మీద పెట్టడానికి వెళ్ళిన గోపీకృష్ణ పావుగంట తర్వాత తాము అద్దెకుండే బేస్‌మెంట్ మెట్లు దిగుతూ వచ్చాడు. అతను దిగే తీరు చూసే ఝాన్సీకి అనుమానం వచ్చింది. ఏదో చేసి వచ్చినప్పుడు అతను మెట్లు చప్పుడు కాకుండా దిగుతాడు.

"పైన అంకుల్ కనబడ్డడు" అన్నాడు.

"ఊఁ."

"శనివారం టొరంటో ఎగ్జిబిషన్‌కి పోతున్నమని చెప్పిన."

ఝాన్సీ చేతిలో గరిటె ఆగిపోయింది. "చెప్పి?"

"మీరూ రండి అంకుల్ అన్న. మాటవరసకే అన్న ఝాన్సీ. ఎన్ని గంటలకు బయల్దేరదాం బాబూ అన్నడు."

పైన అంకుల్ అంటే వీరభద్రరావుగారు, ఇంటి ఓనరుకి మామగారు. ఆయనా, భార్య సూర్యకుమారిగారూ అమలాపురం నుంచి కూతురి దగ్గరికి వచ్చి ఆరు నెలలైంది. కూతురూ అల్లుడూ ల్యాప్‌టాప్‌ల ముందు నుంచి లేవరు. ఆ దంపతులు చూసిన కెనడా అంతా కలిపి ఒక గుడి, ఒక గ్రాసరీ షాపు, ఎదురింటివాళ్ళ కుక్క.

పాపం అనిపించాల్సిన మాటే. వేరే రోజైతే ఝాన్సీకీ అనిపించేది. కానీ ఈ శనివారం వేరు. ఈ శనివారం కోసం ఆమె మూడు వారాల ముందు నుంచే సూపర్‌వైజర్ వెంటపడింది. ఆమె మందుల కంపెనీ ప్యాకింగ్‌లో పగలు, అతను ఎయిర్‌పోర్టు దగ్గర వేర్‌హౌస్‌లో రాత్రి. ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరకడమంటే సంపూర్ణ సూర్యగ్రహణమంత అరుదు.

సెలవు ఒక్కటే అయితే ఇంత బాధ లేదు. అసలు సంగతి భవిత.

ఝాన్సీ స్టూడెంటుగా కెనడా వచ్చినప్పుడు భవితకి మూడేళ్ళు. ఇక్కడి కాలేజీలు విమానాల కొద్దీ విద్యార్థుల్ని దింపుకుంటున్న రోజులవి. కూతుర్ని తెనాలిలో తన తల్లి దగ్గర వదిలింది. ఆర్నెల్లకి గోపీకృష్ణ వచ్చాడు. చదువయ్యాక తెద్దామనుకున్నారు. చదువయ్యాక ఉద్యోగం దొరకనీ అనుకున్నారు. ఉద్యోగం దొరికాక, వర్క్ పర్మిట్ వచ్చాక, కాస్త మంచి ఇల్లు దొరికాక అనుకున్నారు. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో ఝాన్సీ "వచ్చే నెల నిన్ను తీసుకొచ్చేస్తాగా బంగారం" అనేది. అలా అన్నప్పుడల్లా ఆ పిల్ల గౌన్లు బ్యాగులో సర్దుకుని కూర్చుంటోందని తల్లి ఫోన్లో నవ్వుతూ చెబితే, ఝాన్సీ కూడా నవ్వేసింది.

ఈ ఏప్రిల్లో వచ్చింది భవిత. ఆరేళ్ళ పిల్ల. పేచీ లేదు, ఏడుపు లేదు. అదే ఝాన్సీని కాల్చుకు తింటోంది. చుట్టపుచూపుగా వచ్చిన పిల్లలా ఉంటుంది. "నీళ్ళు తాగొచ్చా?" అని అడిగి తాగుతుంది. తన కంచం తనే కడగబోతుంది. బాత్రూములో జారిపడితే "అమ్మమ్మా" అని అరిచింది, ఝాన్సీ పరిగెత్తుకెళ్తే ఏడుపు ఆపేసి "ఏం లేదు, ఏం లేదు" అంది.

అలాంటి పిల్ల, ఫోన్లో ఎగ్జిబిషన్ వీడియో చూపిస్తే జెయింట్ వీల్ దగ్గర వేలుపెట్టి ఆపింది. "దీన్లో నీ పక్కన కూర్చోవచ్చా?" అంది. వచ్చిన ఇన్ని నెలల్లో ఆ పిల్ల నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక.

"కూర్చోవచ్చేమిటి, కూర్చుందాం. పైకి వెళ్తే సరస్సంతా కనబడుతుంది."

"మనిద్దరమేనా?"

"మనిద్దరమే. నాన్నని కింద నిలబెట్టి చెయ్యి ఊపుదాం."

ఇదీ శనివారం. దీంట్లోకి ఈ మహానుభావుడు అమలాపురాన్ని పిలుచుకొచ్చాడు.

మర్నాడు ఝాన్సీ తన ప్రయత్నం తను చేసింది. లాండ్రీ గదిలో సూర్యకుమారిగారు కనబడితే, "అక్కడ చాలా నడవాలి ఆంటీ, మీ మోకాళ్ళకి కష్టమేమో" అంది.

"డాక్టరు నడవమనే చెప్పాడమ్మా" అందావిడ సంతోషంగా. "ఇంట్లో గోడలకేసి ఎంతకని నడవను?"

"ఎండ కూడా ఎక్కువే ఆంటీ."

"మా కోనసీమ ఎండ ముందు ఇదెంతలే. నువ్వేం బెంగపెట్టుకోకు, నేను పులిహోర చేస్తాను. ఒక్కొక్కళ్ళకి రెండేసి ముద్దలు చాలవూ?"

ఆ ముఖం చూశాక ఝాన్సీ బట్టలు ఆరకముందే తీసుకుని కిందికి వచ్చేసింది.

శుక్రవారం పొద్దున గోపీకృష్ణ డ్యూటీ నుంచి వచ్చేసరికి జాబితాలో ఇంకో ఇల్లు చేరింది. మల్లికార్జున్ అని వేర్‌హౌస్‌లో అతని జతగాడు. భార్య, కవల మగపిల్లలు. పిల్లలకి మూడేళ్ళు, అరుపుల్లో ముప్పై.

"మల్లన్న ఉట్టిగ అడిగిండు, వీకెండ్ ఏం చేస్తున్నవే అని. ఏం చెప్పాలె మరి?"

"ఇంట్లో పడుకుంటున్నా అని చెప్పొచ్చుగా."

"అబద్ధమెట్ల చెప్త?"

"రావద్దనుకుంటూ రమ్మనడం మాత్రం నిజమా?"

గోపీకృష్ణ బూట్లు విప్పుకోవడంలో పడ్డాడు. అటు మల్లికార్జున్ మాత్రం చురుకైనవాడు. అప్పటికే వాట్సాప్ గ్రూపు పెట్టేశాడు. ఎన్నింటికి బయల్దేరాలో ఓటింగు పెట్టాడు. వీరభద్రరావుగారు ఆ గ్రూపులో వినాయకుడి బొమ్మలు పంపడం మొదలుపెట్టారు. ఝాన్సీ ఫోను రోజంతా మోగింది. ప్యాకింగ్ బెల్టు దగ్గర నిలబడి ఆమె పళ్ళు నూరుకుంది.

ఆ సాయంత్రం ఝాన్సీ వంటగదిలో కూరగాయలు తరుగుతోంది. గోపీకృష్ణ బల్ల దగ్గర టీ తాగుతున్నాడు. భవిత అతని పక్కన కూర్చుని బొమ్మకి రంగులేస్తూ అడిగింది.

"నాన్నా, వాళ్ళు రావడం నీకిష్టమా?"

గోపీకృష్ణ పైకప్పు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇష్టమని కాదు బిడ్డా."

"మరి రమ్మని ఎందుకన్నావ్?"

"మాటవరసకి అన్న. అంటే, అట్ల అంటే మంచిగుంటది. ఎదుటోళ్ళు సంతోషపడ్తరు. నిజంగ రమ్మని కాదు."

"నిజంగా కాదని వాళ్ళకెలా తెలుస్తుంది?"

"పెద్దోళ్ళకు తెలుస్తది."

"చిన్నవాళ్ళకో?"

గోపీకృష్ణ నవ్వి పిల్ల జుట్టు చెరిపాడు. భవిత మళ్ళీ రంగుల్లో పడింది. ఝాన్సీ సరిగ్గా అప్పుడే మొగుణ్ణి దులిపేద్దామని నోరు తెరవబోయింది. కానీ పక్కగదిలో అద్దెకుండే స్నేహ అన్నం వండుకోవడానికి వంటగదిలోకి వచ్చింది. కడప పిల్ల, కాలేజీలో చేరి ఏడాదైంది. కాలేజీ, కాఫీ షాపు, నిద్ర. ఆ పిల్ల మూడింటిలో మూడోది చేయగా ఝాన్సీ ఎప్పుడూ చూడలేదు.

"ఏందక్కా, రేపు ఏడికో పోతున్నట్టుండారు?" అంది స్నేహ.

"ఎగ్జిబిషన్‌కి. నువ్వూ రా" అంది ఝాన్సీ.

అన్నాక తెలిసింది ఏమందో. కత్తి కూరగాయల మీదే ఉంది, నోరు మాత్రం దాని పని అది చేసేసింది. గోపీకృష్ణ టీ గ్లాసు వెనక నుంచి భార్యని చూశాడు. 'నువ్వూ అంతేగా' అన్నట్టున్న ఆ చూపుకి అతన్ని ఎంత తిట్టినా పాపం లేదు.

"నిజంగానా అక్కా? రేపు నాకు షిఫ్టు లేదు. వచ్చినాక ఒక్కసారి గూడా టొరంటో చూళ్ళేదు నేను" అంది స్నేహ. ఆ పిల్ల కళ్ళు మెరిశాయి.

పొద్దున్నే ఎనిమిదిన్నరకి బయల్దేరాలని గ్రూపులో తీర్మానం. తొమ్మిది దాటితే రాహుకాలం వస్తుందని సూర్యకుమారిగారు ముందే చెప్పారు. ఆవిడ ఎనిమిదింటికే పట్టుచీర, స్పోర్ట్స్ షూసుతో తయారై వాకిట్లో నిలబడ్డారు. మల్లికార్జున్ వ్యాను తొమ్మిది దాటాక వచ్చింది. కవలల్లో ఒకడు దారిలో వాంతి చేసుకున్నాడట.

"ఇంక పదిన్నర దాకా కదలకూడదు" అందావిడ. కోపం లేదు, నిష్ఠూరం లేదు. వర్షం పడుతోంది గొడుగు తీసుకో అన్నంత మామూలుగా అంది.

"ఆంటీ, ఇక్కడి టైము వేరు కదా, రాహుకాలం ఇక్కడ ఉండదేమో" అంది ఝాన్సీ ఆఖరి ఆశగా.

"సూర్యుడున్న చోటల్లా ఉంటుందమ్మా" అన్నారు వీరభద్రరావుగారు.

అందరూ వాకిట్లో కూర్చున్నారు. మధ్యాహ్నానికని కట్టిన పులిహోర సగం అక్కడే అయిపోయింది. గోపీకృష్ణ భార్య వైపు చూడకుండా కారు అద్దాలు తుడిచాడు, తుడిచినవే మళ్ళీ తుడిచాడు. భవిత కొత్త గౌను వేసుకుని మెట్టు మీద బుద్ధిగా కూర్చుంది. ఒకసారి వచ్చి, "ఇప్పుడు వెళ్తామా, వెళ్ళమా?" అని మాత్రం అడిగి, జవాబు విని వెళ్ళి మళ్ళీ అక్కడే కూర్చుంది.

తీరా ఎక్కేటప్పుడు చోటు చాలలేదు. గోపీకృష్ణ పక్కన పెద్దాయన. వెనక సూర్యకుమారిగారు, పిల్లల సీటులో భవిత, స్నేహ. ఝాన్సీ వెళ్ళి వ్యానులో కవలల మధ్య ఇరుక్కుంది. టొరంటో చేరేవరకూ ఒకడు ఆమె జడ లాగాడు, రెండోవాడు ఆమె ఒళ్ళో బిస్కెట్లు నలిపాడు. ముందు వెళ్తున్న కారు వెనకద్దంలోంచి కూతురి తల వెనకభాగం కనిపిస్తూ వచ్చింది. ఆ తల ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఎగ్జిబిషన్లో జనం ఇసుక వేస్తే రాలనట్టున్నారు. ఒకవైపు ఆవులూ గొర్రెలూ, ఒకవైపు తిండి దుకాణాలు, వాటి వెనక రంగులరాట్నాలు, అన్నిటికీ పైన జెయింట్ వీల్. వీరభద్రరావుగారు ట్రాక్టర్ల దగ్గర ఆగిపోయారు. ఆయన్ని అక్కణ్ణుంచి కదిలించడానికి గోపీకృష్ణ నానా తంటాలూ పడ్డాడు. సూర్యకుమారిగారు ఆవుల్ని చూసి "వీటికేం పెడతారో కనుక్కో అమ్మా" అన్నారు. కనుక్కుంది. తిండి దుకాణం కనిపించినప్పుడల్లా "ఇందులో గుడ్డు కలిపారేమో కనుక్కో అమ్మా" అన్నారు. అన్నిటిలోనూ కలిపారు. అయినా ప్రతి దుకాణం దగ్గరా కనుక్కుంది.

ఆ తర్వాత ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. ఒక చెట్టు కింద బెంచీ మీద ఆవిడని కూర్చోబెట్టి, ఎవరో ఒకరు తోడుండాలి కదా అని అందరూ ఝాన్సీ వైపు చూశారు. "నువ్వు జర కూసో, నేను ఇప్పుడే అంకుల్‌ని తీసుకొస్త" అన్నాడు గోపీకృష్ణ. మల్లికార్జున్ భార్య కవలల్ని తోసుకెళ్ళే స్ట్రోలర్ తెచ్చి అక్కడే పెట్టింది. దాని మీద అందరి బ్యాగులూ చేరాయి. "పిల్లల్ని నేను తిప్పుకొస్తా అక్కా, మీరు ఆంటీ కాడ ఉండండి" అని స్నేహ భవిత చెయ్యి పట్టుకుంది. భవిత ఒక్క క్షణం తల్లి వైపు చూసింది. ఝాన్సీ "వెళ్ళిరా బంగారం, నేనిక్కడే ఉంటా" అంది. ఇంకేమనగలదు, పెద్దావిడ పక్కనే ఉంది.

సూర్యకుమారిగారు తన తోడికోడళ్ళ కథలు చెప్పుకుపోయారు. ఝాన్సీ ఊఁ కొడుతూ కూర్చుంది. ఎదురుగా చెట్టు కొమ్మల పైనుంచి జెయింట్ వీల్ సగం కనిపిస్తోంది. ఒక్కో పెట్టె పైకి వచ్చి, కాసేపు ఆగి, అవతలికి దిగిపోతోంది. వాటిలో ఒకదాంట్లో స్నేహ పక్కన తన కూతురు కూర్చుని సరస్సు చూస్తూ ఉంటుందని ఝాన్సీకి అనిపించింది. ఏడుపొచ్చింది. మొగుడి మీద, మొగుడి మర్యాద మీద, రాహుకాలం మీద, ఈ బ్యాగుల మీద కోపం పుట్టుకొచ్చింది. మూడు వారాలు సూపర్‌వైజర్ని బతిమాలింది ఊరందరి సామాన్లకీ కాపలా కాయడానికా?

ఎండ వాలాక ఒక్కొక్కళ్ళే వచ్చారు. మల్లికార్జున్‌కి సాయంత్రం షిఫ్టుంది. కవలలు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. వీరభద్రరావుగారు తృప్తిగా ఉన్నారు. స్నేహ ముఖం వెలిగిపోతోంది.

"అన్నీ ఎక్కినామక్కా" అంది. "జెయింట్ వీల్ మాత్రం పాప ఎక్కనే లేదు. ఎంత చెప్పినా రాలే. నేను ఎక్కి దిగేదాకా మల్లన్నోళ్ళ కాడ నిలబడింది. భయమేమో."

ఝాన్సీ వంగి కూతురి ముఖంలోకి చూసింది. "భయమేసిందా?"

భవిత తల అడ్డంగా ఊపింది.

"మరెందుకు ఎక్కలేదు?"

"మనిద్దరమే అన్నావుగా."

గోపీకృష్ణ కారు తాళాలు ఆడిస్తూ వచ్చాడు. "పోదాం పా ఝాన్సీ, అందరు గేటు కాడికి పోతున్నరు. మల్లన్నకు లేటయితుంది."

ఝాన్సీ కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని గౌను సర్దింది. "ఈసారి మనం ముగ్గురమే వద్దాం, సరేనా బంగారం? అప్పుడు ఎక్కుదాం. నువ్వూ నేనూ."

వచ్చే శనివారం సెలవు లేదని ఆమెకి తెలుసు. ఆ పైవారానికి ఎగ్జిబిషనే ఉండదనీ తెలుసు. అయినా మాట ఎంతో మెత్తగా, ఎంతో అలవాటుగా వచ్చింది.

భవిత బుద్ధిగా తలూపింది. తర్వాత ఆలోచించి అడిగింది. "మాటవరసకా, నిజంగానా?"

"ఏమిటీ?"

"ఏదైనా పర్లేదు. తెలుసుకుందామని." ఆ గొంతులో అలక లేదు. డబ్బాలో ఉన్నది ఉప్పా పంచదారా అని అడిగినట్టు అడిగింది. "ఫోన్లో వచ్చే నెల అనేదానివి కదా. అప్పుడు నాకు తెలీదు. చిన్నదాన్ని."

 పొద్దుటి నుంచి, కాదు, బుధవారం నుంచి ఝాన్సీ మొగుణ్ణి తిట్టుకుంటూనే ఉంది. అతను పిలిచినవాళ్ళు పెద్దవాళ్ళు, వచ్చారు, పులిహోర తిన్నారు, ఆవుల్ని చూశారు. తను పిలిచిన మనిషి తెనాలిలో నెలనెలా గౌన్లు సర్దుకుని కూర్చుంది. మళ్ళీ విప్పి బీరువాలో పెట్టుకుంది. అది విని తను నవ్వింది. 

లేచి నిలబడింది. భుజాన ఉన్న రెండు బ్యాగులూ తీసి గోపీకృష్ణ చేతుల్లో పెట్టింది.

"వీళ్ళని దింపెయ్. మేం ట్రైన్‌లో వస్తాం."

"ఏందిది? ఎందుకు?"

"జెయింట్ వీల్ ఎక్కాలి."

"గంట క్యూ ఉంది ఝాన్సీ. పెద్దోళ్ళు ఏమనుకుంటరు? బాగుండదు."

"బాగుండకపోతే పోనీ."

 అతను ఆమె ముఖం చూసి బ్యాగులు భుజాన వేసుకున్నాడు. అలవాటు కొద్దీ కాబోలు, వెనకున్న సూర్యకుమారిగారు "మేమూ ఆగుతాంలే అమ్మా, తొందరేముంది" అన్నారు.

"వద్దు ఆంటీ" అంది ఝాన్సీ. "మీరు వెళ్ళండి. మేమిద్దరమే వెళ్తాం."

పుట్టి బుద్ధెరిగాక ఒక పెద్దావిడకి ఎదురుగా వద్దని చెప్పడం ఆమెకి అదే మొదటిసారి. ఆకాశమేమీ విరిగి పడలేదు. ఆవిడ కాస్త చిన్నబుచ్చుకున్నారు, అంతే.

క్యూ పాములా నాలుగు మెలికలు తిరిగి ఉంది. ఇద్దరూ చివర నిలబడ్డారు. ఒక మెలిక దాటకముందే ఝాన్సీ ఫోను మోగింది. భవిత వెంటనే ఫోను వైపు చూసింది. ఝాన్సీ ఎత్తలేదు. మళ్ళీ మోగింది. భవిత జెయింట్ వీల్ వైపు చూడటం మానేసి ఆ ఫోను వైపే చూస్తూ నిలబడింది. ఫోను మోగితే అమ్మ వెళ్ళిపోతుందని ఆ పిల్లకి బాగా తెలుసు. ఆదివారాల వీడియో కాల్స్ అన్నీ మధ్యలో ఇంకో ఫోను వచ్చి అలాగే తెగిపోయేవి.

ఝాన్సీ ఫోను ఆపేసింది. ఆపినా భవిత కళ్ళు దాని మీద నుంచి కదల్లేదు.

"ఇది నువ్వు దాచు" అని ఫోను కూతురి చేతికిచ్చింది.

భవిత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తెర నల్లగా ఉందో లేదో సరిచూసుకుంది. గౌను జేబులో పెట్టుకుని, పైనుంచి అరచెయ్యి గట్టిగా అదిమి పట్టుకుంది. ముందున్నవాళ్ళు కదిలారు. ఇద్దరూ ఒక అడుగు ముందుకి వేశారు. ఆ చెయ్యి అలాగే జేబు మీద ఉంది.